భారతం రాత్రి 112కి ఫోన్ చేశాను, ఇప్పుడు మామిడికాయ కోసే దిక్కు లేదు

తూర్పుగాలి · జూన్ 8, రాత్రి 10.50

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మాది గుంటూరు వైపు. పదమూడేళ్ళు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. ఇంటి నుంచి పని చేసుకోవచ్చని ఆఫీసులో ఒప్పుకున్నాక చిత్తూరు వైపు పాకాలకీ పెనుమూరుకీ మధ్య ఒక పల్లెలో మూడెకరాల మామిడితోట, అందులో చిన్న ఇల్లు కొన్నాను. వచ్చి ఏడాదిన్నర. నేనూ మా అమ్మా ఉంటాం. అమ్మకి 72. పోయినేడు గుండెకి స్టెంట్ వేశారు.

ఊళ్ళో ద్రౌపదమ్మ గుడి ఉంది. మే నెలలో భారతం పెట్టారు. 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి పదికి మొదలై తెల్లారేదాకా నాటకం. నాలుగు గొట్టం మైకులు కట్టారు, వాటిలో ఒకటి సరిగ్గా మా ఇంటివైపు తిరిగి ఉంది. ఎనిమిది రోజులు ఓర్చుకున్నాం. మధ్యలో రెండుసార్లు వెళ్ళి మైకుసెట్టు అబ్బాయికి చెప్పాను. 'సరే సార్' అని పది నిమిషాలు తగ్గిస్తాడు, మళ్ళీ మామూలే. తొమ్మిదో రాత్రి ఒంటిగంటన్నరకి అమ్మకి ఆయాసం వచ్చింది. నాకు టెన్షన్ తట్టుకోలేక 112కి ఫోన్ చేశాను. రెండింటికి పోలీసు జీపు వచ్చింది. మైకు ఆగింది. నాటకం కూడా ఆగిపోయింది.

మర్నాటి నుంచి ఊరు నాతో మాట్లాడదు. పాలు పోసే ఆవిడ 'ఆవు వట్టిపోయింది సార్' అంది. అదే ఆవు పాలు అవతలి ఇంట్లో పోస్తూనే ఉంది. మోటారు స్టార్టర్ కాలిపోతే మెకానిక్ మూడు రోజులు 'వస్తాండా, వస్తాండా' అన్నాడు, రాలేదు. చెట్ల మీద తోతాపురి ఇంకో పది రోజుల్లో దించాలి. కోతకి ఒక్క మనిషి ఒప్పుకోవడం లేదు. పక్క ఊరి మేస్త్రీ ఒకాయన అడ్వాన్సు తీసుకుని, మర్నాడు తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అమ్మ ప్రాణం మీదికి వస్తే పోలీసులకి చెప్పడం తప్పా? ఈ ప్రాంతం వాళ్ళు ఎవరైనా చెప్పండి.

రేణిగుంట జంక్షన్ · జూన్ 8, రాత్రి 11.15

అన్నా, ముందు ఒక్కటి చెప్పు. తొమ్మిదో రాత్రి ఏం ఘట్టం ఆడుతున్నారు?

తూర్పుగాలి · జూన్ 8, రాత్రి 11.22

నాకు తెలీదండీ. అమ్మనడిగితే ద్రౌపదీ వస్త్రాపహరణం అంది.

రేణిగుంట జంక్షన్ · జూన్ 8, రాత్రి 11.23

చచ్చినావు పో అన్నా.

వేషగాడు · జూన్ 9, ఉదయం 7.05

నవ్వులాట కాదు, నేను చెప్తా. మా నాయన నలభై ఏళ్ళు భారతం ఆడినాడు, నేను పదిహేనేళ్ళుగా ఆడుతున్నా. పుత్తూరు, నారాయణవనం మొదలుకొని అరగొండ దాకా తిరిగే మేళం మాది.

భారతంలో అన్ని రాత్రులూ ఒకటి కాదు. బకాసుర వధ రోజు బండి నిండా కూడు పెట్టుకుని ఊరంతా ఊరేగుతారు, అది పిల్లకాయల పండగ. అర్జున తపస్సు రోజు అర్జునుడు ఎక్కే తపసు మాను కింద బిడ్డలు లేని ఆడవాళ్ళు తడిగుడ్డలతో పడుకుంటారు, పైనుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయ కోసం. చివరి రోజు భారతం ఆడే మిట్ట మీద మట్టి దుర్యోధనుణ్ణి చంపడం, సాయంత్రం అగ్నిగుండం. వీటన్నిట్లో మేము భయపడి ఆడేది చీర రాత్రి. దుశ్శాసనుడు వేషం కట్టినవాడు చీర మీద చెయ్యి వేసే ముందు కర్పూరం వెలిగించి, గుడివైపు తిరిగి, తప్పు మన్నించమ్మా అని దండం పెట్టుకుంటాడు. మా మేళంలో ఆ వేషం కట్టేవాడు ఆ రోజు ఉపవాసం. ద్రౌపది వేషం మొగవాడే కడతాడు, అయినా ఆ గంటసేపు ముందు వరసలో ముసలమ్మలు కళ్ళొత్తుకుంటూనే ఉంటారు.

కృష్ణుడు వచ్చి చీరలు ఇచ్చేదాకా ఆట ఆపకూడదు. వాన వస్తే తడుస్తూ ఆడతాం. మధ్యలో ఆపితే ఆ తల్లి సభలో అట్లే నిలబడిపోయినట్టు. ఊరికి అరిష్టం అంటారు. నమ్మేదీ నమ్మకపోయేదీ మీ ఇష్టం. మీ ఊళ్ళో ఆ రాత్రి ఏమనుకున్నారో మాత్రం నాకు బాగా తెలుసు.

ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. మా తాత కాలంలో మైకు లేదు. గొంతు, తాళం, మద్దెల, హార్మోనియం. ఇప్పుడు గొట్టం మైకులు మా కోసం కట్టేవి కావు. మిట్ట మీద కూర్చున్నోళ్ళకి రెండు బాక్సులు చాలు. పక్క ఊరికి వినపడాలని కట్టేవి అవి. మైకుసెట్టాయన గొప్ప, చందా ఇచ్చినోళ్ళ పేర్లు చదవాలనే ముచ్చట.

కుంట కట్ట · జూన్ 9, ఉదయం 9.40

నాయనా తూర్పుగాలీ, నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి. చట్టం వరకు అయితే నీ పక్షమే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. పండగలూ ఉత్సవాలకి ప్రభుత్వం అనుమతిస్తే రాత్రి 12 దాకా పెట్టుకోవచ్చు, అదీ ఏడాది మొత్తంలో 15 రోజులకి మించకూడదు. భారతమే 18 రోజులు! ఇళ్ళున్న చోట రాత్రిపూట 45 డెసిబెల్స్ హద్దు. ఈ సడలింపు చెల్లుతుందా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా పోయి 2005లో తేలింది.

కాబట్టి పోలీసులు రావడంలో తప్పు లేదు. అయితే చట్టం నీ తోటలో కాయలు కోసి పెట్టదు.

చెనిక్కాయలు · జూన్ 9, మధ్యాహ్నం 1.30

ఇందులో ఏదో తక్కువైంది.

మాది పూతలపట్టు పక్కన. మా ఊళ్ళో కూడా మైకు గురించి పోలీసులొచ్చినారు. రెండు రోజులు గొణుక్కున్నారు, అయిపోయింది. అడ్వాన్సు వెనక్కి తెచ్చి ఇచ్చినారంటే అది భారతం ఒక్కదాని కోపం కాదు. నాలుగు ప్రశ్నలు అడుగుతా సార్, దాచకుండా చెప్పు. భారతానికి చందా ఎంత ఇచ్చినావు? ఎన్ని రోజులు మిట్ట దగ్గరికి పోయి కూర్చున్నావు? మైకు సంగతి గుడి ధర్మకర్తతో చెప్పినావా, ఆ సెట్టు పిల్లోడితోనే చెప్పినావా? తోట చుట్టూ కంచె వేసినావా?

తూర్పుగాలి · జూన్ 9, సాయంత్రం 6.15

చందా 5 వేలు అడిగారు. 1,000 ఇచ్చాను, ఫోన్‌పేలో. రసీదు అడిగితే వాళ్ళ ముఖాలు మారాయి, లెక్క ఉండాలి కదా అని అడిగాను అంతే. మిట్ట దగ్గరికి వెళ్ళలేదు. నా మీటింగులన్నీ రాత్రి 11 దాకా ఉంటాయి. ధర్మకర్త ఎవరో నాకు నిజంగా తెలీదు. కంచె వేశాను, వచ్చిన రెండో నెలలో. రాతి కూసాలు, ముళ్ళతీగ. అందరూ వేసేదే కదండీ.

చెనిక్కాయలు · జూన్ 9, సాయంత్రం 6.20

కంచె వేసిన చోట బాట ఉండిందా?

తూర్పుగాలి · జూన్ 9, రాత్రి 9.05

తూర్పు గట్టున ట్రాక్టర్ పట్టేంత దారి ఉండేది. వెనక నలుగురి పొలాలున్నాయి, వాళ్ళు అందులోంచి వెళ్ళేవాళ్ళు. నా రిజిస్ట్రేషన్ పత్రంలో ఏ దారీ రాయలేదు. అమ్మినాయన కూడా 'ఇదంతా మీదే, ఏమైనా చేసుకోండి' అన్నాడు. ఇప్పుడు వాళ్ళు వంక చుట్టి వెళ్తున్నారు, కిలోమీటరున్నర అదనం. ఇద్దరు వచ్చి అడిగారు. వీఆర్వో దగ్గర తేల్చుకోమన్నాను.

దానికీ మైకుకీ సంబంధం ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

చెనిక్కాయలు · జూన్ 9, రాత్రి 9.30

అదే సార్. అది ముందు రాయాల్సింది.

ఆ నలుగురూ పోయినేడు కాయలు ఎట్లా తోలుకున్నారో ఆలోచించినావా? వంకలో ఇసక. లోడు ట్రాక్టర్ దిగబడితే ఇంకో ట్రాక్టర్ తెచ్చి లాగాలి, దానికి డీజిల్, దానికి కూలి. 2025లో తోతాపురి అడిగేవాడు లేక ఫ్యాక్టరీల ముందర రోజుల తరబడి ట్రాక్టర్లు నిలబడినాయి. కిలోకి ఫ్యాక్టరీ 8 ఇచ్చేటట్టు, తాను 4 కలిపేటట్టు ప్రభుత్వం చెప్తే కదా 12 అయ్యింది. ఆ 12లో కోత కూలి, బాడుగ పోగా ఏం మిగులుతుందో నీకు మూడెకరాలు ఉంది కాబట్టి ఇప్పుడు తెలిసుంటుంది. అట్లాంటప్పుడు బాట మూసేసి 'వీఆర్వో దగ్గరికి పోండి' అంటే, పెద్ద చదువులాయన మనల్ని ఆఫీసుల చుట్టూ తిప్పుతున్నాడు అనుకోరా?

ఏడాది పైగా వాళ్ళు నోరు మెదపలేదు. నువ్వు ఊరిని ఒక్కమాట అడగకుండా పోలీసుల్ని పిలిచిన రాత్రితో లెక్క సరిపోయింది. ఇప్పుడు కోతకి ఎవడైనా వస్తే ఆ నలుగురిలో ఒకడు వాడికి బావో మామో అవుతాడు.

రేణిగుంట జంక్షన్ · జూన్ 9, రాత్రి 9.41

చెనిక్కాయలన్న డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకోవాల.

వీకెండ్ రైతు · జూన్ 9, రాత్రి 10.10

ఒక్క నిమిషం. అందరూ కలిసి ఆయన్ని కూర్చోబెట్టి కడిగేస్తున్నారు. నేనూ బయటినుంచి వచ్చినవాణ్ణే, పలమనేరు దగ్గర నాలుగెకరాలు. ఊరివాళ్ళు పాలల్లో కడిగిన ముత్యాలేం కాదు. నేను వేసిన టమాటా నారులోకి మేకల్ని వదిలారు. అడిగితే 'మేకకి హద్దు తెలుస్తుందా సార్' అన్నారు. జేసీబీకి ఊరివాళ్ళకి ఒక రేటు, నాకు ఒక రేటు. బోరు వేస్తే మా నీళ్ళు పోతాయని గొడవ. వాళ్ళు మాత్రం నేను వచ్చేలోపు రెండు బోర్లు దించారు. 'మీరు బయటోళ్ళు' అన్నమాట ఏ పంచాయతీకైనా చివరి మాట. ఆరేళ్ళు అయ్యింది. ఇంకా ఎన్నేళ్ళు బయటివాణ్ణి?

చెనిక్కాయలు · జూన్ 9, రాత్రి 10.35

మేకల సంగతి తప్పే, ఒప్పుకుంటా. మా ఊళ్ళోనూ ఉన్నారు అట్లాంటోళ్ళు. జేసీబీ రేటు కూడా నిజమే, మీరు బేరం చేయకుండా ఇస్తారని.

నీ బోరు ఎన్ని అడుగులు? మా వైపు పాతవి మూడు నాలుగు వందల అడుగులు. మీరొచ్చి వెయ్యి అడుగులు దించితే పక్కన బాయి, బోరు రెండూ చప్పరించుకోవాల్సిందే. అనుమతి లేకుండా బోరు వేయకూడదని 2002లో వచ్చిన వాల్టా (నీళ్ళు, భూమి, చెట్ల) చట్టం చెప్తుంది. దాన్ని మేమూ పాటించలేదు, మీరూ పాటించలేదు.

ఇంకొక మాట. నాకు ఇద్దరు కొడుకులు. పక్క కయ్య, అంటే పక్క పొలం, అమ్మకానికి వస్తే కొనాలని పదేళ్ళుగా డబ్బులు పోగేస్తున్నా. పోయిన సంవత్సరం బెంగుళూరాయన వచ్చి, నేను నోట్లో అనుకున్న రేటుకి రెండింతలు పెట్టి తీసుకున్నాడు. ఆయన మంచోడే, కనపడితే నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం తీసుకున్నప్పుడల్లా నాకు ఆ కయ్యే కనపడుతుంది. ఏం చేయమంటావు?

కుంట కట్ట · జూన్ 10, ఉదయం 8.20

బాట సంగతి కాస్త వివరంగా రాస్తాను, చాలామందికి పనికొస్తుంది.

రిజిస్ట్రేషన్ పత్రంలో దారి రాయకపోతే దారి లేనట్టు కాదు. సర్వే నంబరుకి ఎఫ్ఎంబీ పటం, అంటే పొలం కొలతల పటం, ఉంటుంది. ప్రభుత్వ బండిబాట అయితే అందులో కనిపిస్తుంది. దాన్ని మూసే హక్కు ఎవరికీ లేదు. పటంలో లేకుండా పట్టా భూమిలోంచి నడిచే బాటలే మన జిల్లాలో ఎక్కువ. మా తాతలు బండి తోలినారు, నేనూ తోలుతున్నా అనే రకం. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం, 15వ సెక్షన్ చూడు. ఎవరి దయా లేకుండా, బహిరంగంగా, హక్కుగా, అడ్డు లేకుండా 20 ఏళ్ళు వాడితే అది హక్కు అవుతుంది. దారి ఆగిపోయిన రెండేళ్ళలోపు కోర్టుకి పోవాలి. నీ లెక్క ప్రకారం కంచె వేసి పదహారు నెలలు. వాళ్ళకింకా టైముంది. ఇక్కడ చదివినవాళ్ళలో ఒకరు వాళ్ళకి చెప్తే చాలు.

నా సర్వీసులో ఇలాంటివి ఎన్నో చూశాను. గొలుసు పట్టుకుని పొలంలోకి దిగేసరికి ఇద్దరూ నా చుట్టూ చేరి కొలతలు చెప్పేవారు. నేను కొలిచేది గెట్టు. వాళ్ళు చెప్పేది పెళ్ళికి పిలవలేదనీ, చావుకి రాలేదనీ. సాయంత్రం దాకా కొలిచినా ఆ అంగుళం తేలేది కాదు.

అత్తిరసాలు · జూన్ 10, ఉదయం 11.00

నేను రాయకుండా ఉండలేకపోతున్నాను. తొమ్మిదేళ్ళ క్రితం హైదరాబాదు నుంచి చంద్రగిరి దగ్గర ఒక పల్లెకి వచ్చాం. మా ఆయన ఉద్యోగం తిరుపతిలో. ఊరి చివర ఇల్లు కట్టుకున్నాం.

మొదటి కనుమ రోజు. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. కంచె దగ్గర చప్పుడైతే కిటికీలోంచి చూశాను. ఒక పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్ళు కొడవళ్ళతో మా కంచె మీద తీగలు కోస్తున్నారు. నేను బయటికొచ్చి 'ఎవరు మీరు, దొంగల్లా' అని అరిచాను. పెద్దాయన ఏమీ అనలేదు. కోసిన తీగంతా చేతిలోంచి కింద పెట్టి, తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయాడు. కుర్రాళ్ళు మాత్రం వెనక్కి తిరిగి చూశారు. ఆ సాయంత్రం ఊరి బయట చిట్లాకుప్ప తగలబెట్టారు. పొగ వస్తోందని నేను కిటికీలు మూసుకుని పడుకున్నాను.

నెల తర్వాత బస్సులో ఆ పెద్దాయన భార్య నా పక్కన కూర్చుంది. 'నల్లేరుక్కూడా కరువొచ్చిందా తల్లీ నీకు' అంది. అప్పుడు తెలిసింది. కనుమకి పశువులకి ఉప్పుచెక్క పెడతారు. నల్లేరు, మారేడు, నేరేడు చెక్క, మద్ది చెక్క, ఇంకా ఏవేవో దంచి, ఉప్పు కలిపి, ఎద్దు నోరు తెరిచి లోపలికి నెడతారు. పాపం వాటికి అస్సలు ఇష్టం ఉండదు, తల విదిలించి మనిషిని ఈడ్చేస్తాయి. ఆ నల్లేరు మేం స్థలం కొనకముందు నుంచీ ఆ కంచె మీదే. ఎప్పుడూ అక్కడే కోసేవాళ్ళు. కోసినందుకు ఎవరైనా అరుస్తారని వాళ్ళకి తట్టలేదు, కోస్తారని నాకు తట్టలేదు.

తర్వాతి ఏడు భోగి సాయంత్రం నేనే నల్లేరు కోసి గేటు పక్కన రాయి మీద పెట్టాను. ఎవరూ తీసుకోలేదు. ఎండిపోయింది. ఆ మరుసటేడూ అంతే. మూడో ఏడు తెల్లారి చూస్తే లేదు. నాకెంత సంతోషమో! మేకలు తిని ఉంటాయి అంటాడు మా ఆయన, ఇప్పటికీ.

తూర్పుగాలి గారూ, మైకు అబ్బాయికి చెప్తే ఏం లాభం? వాడు రోజుకింత అని కూలికి వచ్చినవాడు. ధర్మకర్త ఇంటికి మీ అమ్మగారిని తీసుకెళ్ళి, ఆయన భార్యతో 'గుండె బాగాలేదమ్మా' అని చెప్పించి ఉంటే ఆ గొట్టం మర్నాటికే ఇంకోవైపు తిరిగేది. మా అత్తగారి విషయంలో గంగమ్మ జాతరకి అలాగే జరిగింది.

రేణిగుంట జంక్షన్ · జూన్ 10, మధ్యాహ్నం 12.20

గంగమ్మ జాతర అంటే గుర్తొచ్చింది అక్కా. తిరుపతిలో మా పై మిద్దెకి పూణె నుంచి ఒక ఫ్యామిలీ దిగింది. చాటింపు అయిన మర్నాడు ఆయన సూట్‌కేసుతో విమానానికి బయలుదేరినాడు. చాటింపు వేసినాక జాతర ముగిసేదాకా రాత్రిపూట ఊరు విడవకూడదని మా అవ్వ మెట్ల మీద అడ్డం కూర్చుంది. ఆయన సాయంత్రం ఫ్లైటుకి తిరిగొచ్చేస్తానని ఒట్టేస్తే గాని లేవలేదు. రెండు రోజులకి బండ వేషమాయన వచ్చి ఇంటి ముందర బూతులు అందుకున్నాడు. ఆయమ్మ తలుపేసుకుని ఏడుపు. అవ్వ పైకి పోయి, 'తిట్టించుకుంటే మంచిదమ్మా, బయటికి రా, ఇంకో రెండు తిట్టించుకో' అని ఈడ్చుకొచ్చింది. మరుసటేడు వాళ్ళ పిల్లోడికే వేషం కట్టినారు. వాడికి మరాఠీ కంటే ముందర ఆ తిట్లు వచ్చినాయి.

ఊరిబయట · జూన్ 10, రాత్రి 8.45

అందరి పోస్టులూ చదివినాను. బాగున్నాయి. నాకు ఒక ఇబ్బంది ఉంది, చెప్తా.

మీరు 'ఊరు' అంటున్నప్పుడల్లా నేను అందులో లేను. మాది ఎస్సీ కాలనీ. మా ఊళ్ళోనూ భారతం పెడతారు. మా వాళ్ళు పలక కొడతారు, అగ్నిగుండానికి కట్టెలు తోలుతారు. ఊరేగింపు మా వీధి మొదట్లో వేపచెట్టు దాకా వచ్చి తిరిగిపోతుంది. నా చిన్నప్పుడు తపసు మాను దగ్గర మా చిన్నమ్మ పడుకోవడానికి పోతే వెనక్కి పంపినారు. కట్టుబాటు అన్నారు.

మా ఊరికి కూడా ఒక కొత్తాయన వచ్చినాడు, చెన్నై నుంచి. మా అమ్మ ఆ తోటలో పనికి పోతుంది. మొదటి రోజు ఆయన భార్య స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చి, ఆ గ్లాసు తనే తీసుకెళ్ళి కడిగింది. మా అమ్మ ఇంటికి వచ్చి ఆ సంగతి రెండుసార్లు చెప్పింది. అరవై ఏళ్ళుగా పక్కన ఉన్న పాతవాళ్ళ ఇళ్ళలో మా అమ్మ గ్లాసు ఇంకా వేరే గూట్లో ఉంటుంది.

అట్లని కొత్తాయన దేవుడని చెప్పను. ఆయన కూడా కంచె వేసినాడు. ఆ గట్టు మీద మేము శవాల్ని తీసుకుపోయేవాళ్ళం. మా పెదనాయన చనిపోయినప్పుడు పాడె పట్టుకుని గేటు ముందర నిలబడితే వాచ్‌మన్ సార్‌కి ఫోన్ చేసి పర్మిషన్ తీసుకున్నాడు. పది నిమిషాలు. ఇచ్చినాడు, ఇవ్వలేదని కాదు. పాడె భుజం మీద పెట్టుకుని పది నిమిషాలు నిలబడి చూడండి. ఊరి పెద్దలతో చెప్పుకుంటే వాళ్ళు కూడా ఆయన్నే అడుగు అన్నారు. వాళ్ళ ట్రాక్టర్ ఆగి ఉంటే పెద్ద పంచాయతీ అయ్యేది.

తూర్పుగాలి గారి ఊళ్ళో ఆ బాటలో ఇంకా ఎవరెవరు నడిచేవారో నలుగురు రైతుల్ని దాటి కూడా అడగండి.

తూర్పుగాలి · జూన్ 10, రాత్రి 11.55

మీ పోస్టు నాలుగుసార్లు చదివాను. నాకు తెలిసిన మేరకు ఆ దారి పొలాలకే. తెలిసిన మేరకు అంటున్నాను. అడుగుతాను.

వీకెండ్ రైతు · జూన్ 11, ఉదయం 6.50

నేను నిన్న రాత్రి కోపంగా ఇంకో పోస్టు రాసి తీసేశాను. మా తోట వెనక కూడా ఒక కాలిబాట ఉంది. మూయలేదు. మూద్దామనుకుంటున్నాను, అంతే.

నిర్వాహకుడు · జూన్ 11, ఉదయం 10.00

కొందరు సభ్యులు ప్రైవేట్ మెసేజ్‌లో 'ఏ ఊరు, ఎవరి తోట' అని ఆరా తీస్తున్నారని తెలిసింది. దయచేసి వద్దు. ఊరి పేర్లు, మనుషుల పేర్లు ఇక్కడ రాస్తే పోస్టు తీసేస్తాం.

చెనిక్కాయలు · జూన్ 14, రాత్రి 8.00

ఏమైంది సార్? కాయ పసుపు తిరుగుతుంటుంది ఈపాటికి.

తూర్పుగాలి · జూన్ 21, రాత్రి 9.30

ఆలస్యానికి క్షమించండి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

12వ తారీఖు సాయంత్రం అమ్మని తీసుకుని ధర్మకర్త గారింటికి వెళ్ళాను. ఎవరో కనుక్కోవడానికే అరగంట పట్టింది. రోజూ నేను వాకింగ్‌కి వెళ్తుంటే చెరువు కట్ట మీద కూర్చుని ఉండే ఆయనే. ఏడాదిన్నరగా చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆయన ముందు నుంచి వెళ్ళాను. కూర్చోమన్నారు. గంటసేపు వాన గురించి, గుంటూరు మిరప గురించి, మా నాన్నగారు ఏం చేసేవారనీ అడిగారు. మైకు మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను. లోపలి నుంచి ఆయన భార్య అమ్మకి సంగటి ముద్ద, చెనిక్కాయల పచ్చడి పెట్టింది. అమ్మ తిన్నది. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడని నేను అనబోతే నావైపు ఒక చూపు చూసింది.

లేచే ముందు అమ్మే అంది, 'ఆ రాత్రి మావాడు భయపడ్డాడండీ. నేను తొమ్మిది రోజులుగా మంచంలోంచి వింటూనే ఉన్నాను. పాపం ద్రౌపదిని సగంలో వదిలేశారని నాకే నిద్ర పట్టలేదు' అని. నాకు ఆ ముక్క అప్పటిదాకా తెలీదు. ఆవిడ వింటోందని కూడా తెలీదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'మర్నాడు పొద్దున గుళ్ళో మిగతాది ఆడించినాం తల్లీ. మైకు లేకుండా' అన్నారు.

ఇక బాట. కంచె మొత్తం తీయలేదు. పన్నెండు అడుగుల వెడల్పున నాలుగు కూసాలు పీకించి, రెండు వైపులా గేటు పెట్టాను, తాళం లేదు. పీకడానికి ఎవరూ రాలేదు, నేనూ మెకానిక్కూ పీకాం. అవును, మెకానిక్ వచ్చాడు. 16న వెనక పొలం ఆయన ట్రాక్టర్ అందులోంచి పోయింది. నావైపు చూడలేదు. రెండో ట్రిప్పులో హారన్ కొట్టాడు. తిట్టో పలకరింపో తెలీదు.

ఊరిబయట గారూ, అడిగాను. ఆ దారిలో చివరికి వెళ్తే వంక అవతల ఒక కాలనీ వాళ్ళ శ్మశానం ఉంది. పోయినేడు ఒక శవాన్ని వంకలోంచి, మోకాలి లోతు నీళ్ళలో తీసుకుపోయారట. నన్నెవరూ అడగలేదు. అడిగినా నేను ఏమని ఉండేవాణ్ణో నాకు తెలుసు.

ఊరిబయట · జూన్ 21, రాత్రి 10.05

గేటు ఎటువైపు తెరుచుకుంటుందో చూసుకోండి. లోపలికైతే పాడె మోసేవాళ్ళకి ఇబ్బంది. బయటికి తిప్పించండి.

తూర్పుగాలి · జూన్ 21, రాత్రి 10.08

రేపు తిప్పిస్తాను.

వేషగాడు · జూన్ 22, ఉదయం 6.40

గుళ్ళో పొద్దున ఆడించినారని చదివి మనసు కుదుటపడింది. ఆ మేళం ఏదో నాకు తెలుసు, చెప్పను.

చెనిక్కాయలు · జూన్ 22, ఉదయం 7.15

అదంతా సరే సార్. కోత?

తూర్పుగాలి · జూన్ 22, ఉదయం 7.40

నిన్న ఐదుగురు వచ్చారు, దోటీలు వాళ్ళవే. నాలుగు టన్నులు దిగింది. ఇంకా సగం తోట ఉంది. కూలి మామూలు కంటే వంద ఎక్కువ అడిగారు, ఇచ్చాను, బేరం చేయలేదు. మీరు మళ్ళీ తిడతారని తెలుసు.

పాలావిడ మాత్రం ఇంకా రావడం లేదు. ప్యాకెట్ పాలే.

చెనిక్కాయలు · జూన్ 22, ఉదయం 7.52

వంద ఎక్కువ ఎందుకిచ్చినావు? రేపట్నుంచి మాకూ అదే రేటు చెప్తారు.